పాలగ్లాసులు పంచే చదువు

అంగన్‌వాడీలో కొత్తగా చేరిన పిల్ల మొదటి వారమంతా గుమ్మం దాటదు. అమ్మ కొంగు వదలదు, వదిలినా ఏడుపు ఆపదు. టీచరమ్మ బుజ్జగిస్తుంది, ఆయా బొమ్మ చూపిస్తుంది, రెండూ పనిచెయ్యవు. చాలాసార్లు ఆ పిల్లను లోపలికి తెచ్చేది ఇంకో నాలుగేళ్ల పిల్లే. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంటుంది. పదిహేను రోజులు తిరిగేసరికి, మొన్న ఏడ్చిన పిల్లే ఇవాళ పాలగ్లాసులు నేనే పంచుతానని పేచీ పెడుతుంది.

ఆ పేచీని చదువు కింద జమకట్టేవాళ్లు తక్కువ. గ్లాసులు పంచాలంటే ఎంతమంది వచ్చారో చూసుకోవాలి, మనిషికొకటి చొప్పున తియ్యాలి, ఒకటి తగ్గితే తగ్గిందని కనిపెట్టాలి. పదిమంది ముందు "టీచర్, ఇంకోటి కావాలి" అని గొంతు విప్పాలి. లెక్క, మాట, ధైర్యం మూడూ ఆ ఒక్క పనిలోనే ఉన్నాయి. చింతగింజల్ని మూడు వేళ్లతో తీసి సీసాలో వెయ్యడమూ అలాంటిదే. రేపు బలపం పట్టబోయే వేళ్లకు అది సాధన. కాళ్లాగజ్జె ఆడేటప్పుడు తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం, ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు ఎదుటి పిల్ల చెయ్యి వదలకపోవడం ఏ పరీక్షలోనూ అడగరు. ఒకటో తరగతిలో మొదటి బెంచీ నుంచి లేచి జవాబు చెప్పే పిల్లకు ఆ చొరవ వచ్చింది మాత్రం అక్కడి నుంచే.

ఇంట్లోవాళ్లు అడిగేది వేరు: "ఏబీసీడీలు వచ్చాయా?" పక్కింటి మూడేళ్లవాడు టై కట్టుకుని, ఆటోలో నర్సరీకి పోతుంటే తల్లి మనసు అటు లాగుతుంది. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, బాలామృతం ఇచ్చే చోటన్న పేరు ఊరికే రాలేదు. చాలా కేంద్రాల్లో మధ్యాహ్నం భోజనం అయ్యాక పిల్లల్ని పడుకోబెట్టడంతో ఆ రోజు చదువు ముగుస్తుంది. కానీ నోటుపుస్తకం నిండా అక్షరాలు దించిన మూడేళ్ల పిల్లాడు, దాహమేస్తోందని అడగడానికి భయపడుతున్నాడంటే ఆ ఫీజు దేనికి కట్టినట్టు?

పసిపిల్లలకు ఆటే చదువన్న ఈ సంగతిని వందేళ్ల కిందటే పట్టుకున్నవాడు ఒక గుజరాతీ వకీలు. గిజూభాయ్ బధేకా కోర్టు పని మానుకుని, 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. బెత్తం లేకుండా కథలతో, ఆటలతో, నాటకాలతో బడి నడిపిన ఆయన్ని గుజరాత్‌లో 'మీసాల అమ్మ' అనేవారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ ఇంకాస్త ముందుకెళ్లింది. 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీ గ్రామంలో బాలల బడి పెడితే, పేదల వాడల నుంచి పిల్లలు రాలేదు. వాళ్లు రాకపోతే బడినే వాళ్ల ముంగిట్లోకి తీసుకెళదామనుకుంది. అంగణంలో నడిచే బడి కాబట్టి అంగన్‌వాడీ అయింది. మాంటిసోరి సామాను కొనే స్తోమత పల్లెకు లేదు గనక గింజలు, గవ్వలు, గులకరాళ్లు, ఆకులే బోధన సామగ్రి అయ్యాయి.

1975 అక్టోబరు 2న కేంద్రం 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు ఈ పేరునే వాడుకుంది. దాంతోపాటు ముంగిలి బడి నెత్తిన ఆరు పనుల మూట పెట్టింది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, వీటన్నిటి మధ్య పిల్లల చదువు. అన్నిటికీ ఒక టీచరు, ఒక ఆయా. పిల్లల బరువు తూచాలి, ఎత్తు కొలవాలి, రిజిస్టర్లు నింపాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో అవే అంకెలు మళ్లీ ఎక్కించాలి. ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పనీ మీద పడుతుంది. (ఇద్దరు చిన్నపిల్లల్ని ఒక గంట కుదురుగా కూర్చోబెట్టి చూసినవాళ్లకు ఇరవై మంది సంగతి వేరే చెప్పక్కర్లేదు.) ఇంత చేసినా వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారంటే కారణం అక్కడే ఉంది.

ఏజెన్సీ గూడేల్లో ఇంకో చిక్కు. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్ల కేంద్రానికొచ్చి తెలుగు వింటుంది. మూడేళ్ల వయసులో మాట అర్థం కాకపోతే నోరు మూసుకోవడమే దారి. బయటివాళ్లు దాన్ని సిగ్గు అనుకుంటారు. టీచరు కాకపోయినా కనీసం ఆయా ఆ గూడెం మనిషైతే పిల్లకు నోరు తెరుచుకుంటుంది.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును కలిపి పునాది దశ అంది. మంచిదే. కానీ విద్యాహక్కు చట్టం ఇప్పటికీ ఆరేళ్ల నుంచే మొదలవుతుంది. మూడేళ్ల పిల్లకు చదువు హక్కు కాదు, పథకం. కొత్త కిట్లూ కొత్త యాప్‌లూ వస్తాయి గానీ, కిట్టు విప్పి పిల్లల ముందు కూర్చునే మనిషి పెరగడం లేదు.

మనిషిని పెంచితే ఏమవుతుందో పొరుగున తమిళనాడులో చూశారు. అక్కడ 320 కేంద్రాలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం కేంద్రాలకు, పిల్లల చదువు మాత్రమే చూసుకునే ఒక పార్ట్‌టైమ్ కార్యకర్తను అదనంగా ఇచ్చారు. పాఠాలకూ ఆటపాటలకూ దొరికే సమయం రెట్టింపైంది. 18 నెలల తర్వాత చూస్తే ఆ కేంద్రాల పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతావాళ్ల కన్నా స్పష్టంగా ముందున్నారు. పాత కార్యకర్తకు పోషకాహారం, ఆరోగ్యం చూసుకోవడానికి తీరిక దొరకడంతో ఎదుగుదల ఆగిన పిల్లల సంఖ్య కూడా తగ్గింది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన ఈ అధ్యయనంలో తేలిన ఖర్చు కూడా ప్రభుత్వాలు భరించలేనిది కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అంగన్‌వాడీ కేంద్రాలు దాదాపు 90 వేలు. అన్నిటికీ ఒకేసారి మనుషుల్ని ఇవ్వలేమంటే, పిల్లలు ఎక్కువున్న కేంద్రాలతో, ఏజెన్సీ గూడేలతో మొదలుపెట్టవచ్చు. ఇంటర్ చదివి ఊళ్లోనే ఉండిపోయిన అమ్మాయిలు ప్రతి పంచాయతీలోనూ ఉన్నారు. వాళ్లకు రోజుకు మూడు గంటల పని, నెలనెలా ఆగకుండా అందే వేతనం ఇచ్చి చూడాలి. గ్లాసులు పంచుతానని పేచీ పెట్టే పిల్ల పక్కన అప్పుడు లెక్క సరిచూసే మనిషి ఒకరు ఉంటారు. టీచరమ్మ ఆ పక్కనే తూకం దగ్గర తన పని చూసుకుంటుంది.