సంగీతమంటే ఏడ్చిన పిల్ల

ఇంట్లో ఎవరైనా పియానో ముందు కూర్చుంటే చాలు, ఆ పసిపిల్ల ఏడుపు లంకించుకునేది. పాట ఆగేదాకా ఏ మూలో చూసుకుని దాక్కునేది. తండ్రి ఎర్నెస్ట్ బూలాంజే పారిస్ కన్సర్వేటరీలో గాత్రం నేర్పే గురువు. ఫ్రాన్స్‌లో యువ స్వరకర్తలు కలలుగనే ‘ప్రి ద రోమ్’ బహుమతిని 1835లోనే గెలుచుకున్నవాడు. తల్లి రైసా రష్యా నుంచి వచ్చి, ఆయన దగ్గరే పాట నేర్చుకుని, ఆయన్నే పెళ్లాడిన గాయని. పొద్దస్తమానం పాఠాలతో మోగే ఆ ఇంట్లో 1887 సెప్టెంబరు 16న పుట్టిన నాదియాకు సంగీతమే గిట్టలేదు.

ఐదేళ్ల వయసులో ఒకరోజు వీధిలో అగ్నిమాపక గంట మోగింది. ఎప్పటిలా దాక్కోవాల్సిన పిల్ల పియానో దగ్గరికి పరుగెత్తింది. విన్న ధ్వని ఏ మెట్టు కింద ఉందో ఒక్కొక్కటే నొక్కి వెతకడం మొదలెట్టింది. అమ్మానాన్నలు విస్తుపోయారు. ఆనాటి నుంచి తండ్రి శిష్యులకు పాఠం చెబుతుంటే పక్కన చేరి చెవులప్పగించి కూర్చునేది. ఈ సంగతి దశాబ్దాల తర్వాత స్వయంగా ఆమె చెప్పుకున్నదే. దీన్ని చదివినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. ఆ పిల్ల చెవికి సంగీతం మోయలేనంతగా వినిపించి ఉంటుంది. ఏమీ పట్టని చెవికి ఏ పాటైనా ఒకటే, దానికి ఏడుపెందుకు వస్తుంది?

తొమ్మిదో ఏట కన్సర్వేటరీలో చేరింది. పన్నెండేళ్లకే తండ్రి పోయాడు. 1904లో, ఇంకా పదిహేడైనా నిండకముందే, ఆర్గన్, పియానో సహకారం, ఫ్యూగ్ రచన మూడింటిలోనూ మొదటి బహుమతులు తెచ్చుకుంది. తల్లినీ చెల్లెలినీ పోషించాలి కనుక ఇంట్లోనే పియానో, ఆర్గన్ పాఠాలు మొదలుపెట్టింది. పారిస్‌లో బాల్యూ వీధి, 36వ నంబరు ఇల్లు. 1979లో కన్నుమూసేదాకా డెబ్బై అయిదేళ్ల పాటు ఆమె గురుకులం అదే.

మధ్యలో ఒక పెద్ద దెబ్బ ఉంది. నాదియా స్వరకర్త కావాలనుకున్నారు. 1908లో ప్రి ద రోమ్ పోటీలో రెండో బహుమతి దాకా వెళ్లారు. తాను అందుకోలేని మొదటి బహుమతిని 1913లో చెల్లెలు లిలీ, పంతొమ్మిదేళ్ల వయసులో, సంగీత విభాగంలో తొలి మహిళగా గెలుచుకుంది. చిన్నప్పటి నుంచీ నలతగా ఉండే ఆ అమ్మాయి 1918లో ఇరవై నాలుగేళ్లకే పోయింది. తర్వాత కొద్ది కాలానికే నాదియా సొంత రచనలు కట్టిపెట్టేశారు. తన సంగీతం పనికిరాదని గురువు గాబ్రియేల్ ఫోరేకే చెప్పేశారు. ఆయన ఒప్పుకోలేదు. అయినా ఆమె మనసు మార్చుకోలేదు. మిగిలిన జీవితమంతా చెల్లెలి సంగీతాన్ని వినిపించడానికీ, ఇతరుల సంగీతాన్ని వెలికితీయడానికీ ఇచ్చేశారు. ఆమె ఆపేయకుండా ఉండాల్సిందని మాకనిపిస్తుంది. కానీ ఆ లోటుకు బదులుగా ఇరవయ్యో శతాబ్దానికి దక్కిన గురువును చూస్తే నోట మాట రాదు.

ఆమె పాఠం మెత్తనిది కాదు. బుధవారం మధ్యాహ్నాలు శిష్యులంతా చేరి స్వరకర్త బాఖ్ రచనలను విప్పి చూసేవారు. ఒకసారి, తర్వాత పియానిస్టుగా పేరుమోసిన, అప్పటికింకా బాలుడైన డేనియల్ బారెన్‌బోయిమ్ ముందు బాఖ్ ప్రిల్యూడ్ పెట్టి, రాసిన శ్రుతిలో కాకుండా మరో శ్రుతిలో వాయించమన్నారు. మన గాయకులకు శ్రుతి మార్చడమంటే తంబురా సవరించుకోవడం. పాట దారి మారదు. పియానో మీద శ్రుతి మారితే తెల్ల మెట్లు, నల్ల మెట్ల మీద వేళ్ల నడకంతా మారిపోతుంది. కాగితం మీద ఒకటి కనిపిస్తుంటే చేతులు మరొకటి పలకాలి. వేళ్లకు వచ్చేసిన పాఠం అక్కడ ఆదుకోదు, చెవికి తెలిసుండాలి. గంట స్వరం కోసం మెట్లు వెతికిన చిన్నపిల్ల ఆ పరీక్షలో మాకు కనిపిస్తుంది.

1954లో అర్జెంటీనా నుంచి స్వరకర్త ఆస్తోర్ పియత్సోల్లా వచ్చాడు. కట్టలకొద్దీ సింఫనీలు, సొనాటాలు మోసుకొచ్చాడు. ఆమె ఓపిగ్గా అన్నీ చూసి, వాటిలో పేరున్న స్వరకర్తల ఛాయలు పసిగట్టారు. బాగానే రాశావు, ఇక్కడ స్ట్రావిన్‌స్కీ ఉన్నాడు, ఇక్కడ బార్టాక్, అక్కడ రావెల్, మరి నువ్వెక్కడ అన్నట్టు అడిగారు. ఊళ్లో ఏం చేస్తుంటావని గుచ్చి గుచ్చి అడిగితే, రాత్రి క్లబ్బుల్లో తన దేశపు నాట్య సంగీతం టాంగో వాయిస్తానని చెప్పడానికి అతనికి సిగ్గేసింది. చివరికి తన టాంగో ఒకటి పియానో మీద కాస్త వాయించాడు. ఆమె అతని చేతులు పట్టుకుని, నువ్వున్నది ఇందులోనే, దీన్ని వదలకు అన్నారు. కొత్త టాంగోకు ఆద్యుడిగా ప్రపంచం ఇవాళ అతన్ని తలుచుకుంటోంది. అంతకుముందు 1928లో అమెరికన్ స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ అడిగితే శిష్యుడిగా తీసుకోనన్నారు. తన పాఠాలతో అతనిలోని సహజ గుణం చెడుతుందేమోనని ఆమె బెంగ. ఫీజు తెచ్చిన శిష్యుణ్ని అతని మంచి కోసం వెనక్కి పంపగలగడం గొప్ప గురువుకే చేతనవుతుంది.

అలాగని అందరినీ స్వేచ్ఛగా వదిలేశారనుకోకూడదు. అమెరికాలో పేరున్న జూలియార్డ్‌లో చదువు పూర్తిచేసుకుని 1964లో వచ్చిన స్వరకర్త ఫిలిప్ గ్లాస్‌ను ఓనమాల దగ్గర మళ్లీ కూర్చోబెట్టారు. ఇరవై ఏడేళ్ల మనిషి చిన్నపిల్లల అభ్యాసాలు రాశాడు. అదే పారిస్‌లో, ఆ రోజుల్లోనే, ఒక సినిమా కోసం పండిట్ రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య లిపిలోకి రాసే పనీ అతనికి దొరికింది. తన గురువులెవరంటే ఈ ఇద్దరి పేర్లూ చెబుతాడు. దక్షిణాఫ్రికాలోని గాంధీజీ మీద, గీతా శ్లోకాలతో సంస్కృతంలోనే పాడేలా అతను కూర్చిన ‘సత్యాగ్రహ’ ఒపెరా 1980లో వేదికెక్కింది.

మన ఇళ్లకు వద్దాం. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో కీబోర్డు క్లాసులకూ, సంగీతం టీచర్ల ఇళ్లకూ వెళ్లే పిల్లల్లో మారాం చేయనివారు ఎందరు? సరళీ వరుసలు మూడో కాలం దగ్గరికి వచ్చేసరికి కడుపునొప్పులు మొదలవుతాయి. కొందరు తల్లిదండ్రులు మానిపించేస్తారు. కొందరు బలవంతపు బ్రాహ్మణార్థంలా నెట్టుకొస్తారు. గ్రేడ్ పరీక్ష సర్టిఫికెట్ వచ్చాక కీబోర్డు అటకెక్కుతుంది. రెండు దారుల్లోనూ పిల్ల చెవిని పట్టించుకున్నవారు లేరు. వద్దంటున్న పిల్లలందరూ బూలాంజేలు కారు, నిజమే. కొందరికి సంగీతం నిజంగానే అక్కర్లేదు, వాళ్లను ఆటకు పంపించడమే న్యాయం. అయితే వద్దనడంలో రకాలున్నాయి. విసుగు వేరు, టీచరంటే భయం వేరు, స్వరం సరిగా పలకలేదని తనకే తెలిసి సిగ్గుపడటం వేరు. ఈ చివరి రకం పిల్ల మంచి చెవి ఉన్న పిల్ల. ఆ తేడా కనిపెట్టడం టీచర్ పనిలో సగం. మిగతా సగం తల్లిదండ్రులది.

కాబట్టి ఒక విన్నపం. ఈసారి మీ అమ్మాయో అబ్బాయో క్లాసుకు వెళ్లనని మొండికేస్తే, ఫీజు కట్టిన సంగతి ఆ పూటకు పక్కన పెట్టండి. దగ్గర కూర్చోబెట్టుకుని, ఏ స్వరం దగ్గర కష్టమవుతోందో వినిపించమనండి. పూర్తయ్యేదాకా వినండి.