జీతాల పుస్తకంలో ముత్తాత

"మనవాళ్ళకి చరిత్ర రాసిపెట్టుకునే అలవాటు లేదు, తెల్లవాళ్ళని చూసి నేర్చుకోవాలి." వంశవృక్షాల మాట వచ్చినప్పుడల్లా ఈ డైలాగ్ వినపడుతుంది. యూరప్‌లో ఎవరో తన ముత్తాతకి ముత్తాత ఏ ఓడ ఎక్కాడో, ఎక్కడ చచ్చిపోయాడో చెప్పేస్తున్నారు. మనకేమో తాతగారి నాన్న పేరు దగ్గరే బండి ఆగిపోతుంది. అది నిజమే. కానీ దానికి కారణం అలవాటు కాదనీ, డబ్బనీ నేనంటాను.

డచ్చివాళ్ళ సంగతే తీసుకుందాం. వాళ్ళు మనకి కొత్తవాళ్ళేం కాదు. మచిలీపట్నంలో వలందపాలెం ఉంది, వలందలంటే హాలండ్ వాళ్ళే. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, మనం బీచ్‌కి వెళ్ళి ఫొటోలు దిగి వచ్చేస్తాం. 1602లో పెట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ రెండు వందల ఏళ్ళలో దాదాపు పది లక్షల మందిని ఓడలెక్కించి ఆసియాకి పంపింది. వాళ్ళలో సగం మంది కూడా తిరిగి ఇల్లు చేరలేదు. ఆ ఓడల్లో ప్రతిదానికీ ఒక జీతాల పుస్తకం ఉండేది. ఒక్కో మనిషి పేరున ఎడమ పేజీలో అప్పులు, కుడి పేజీలో జీతం. పేరు, సొంతూరు, ఉద్యోగం, బయల్దేరిన తేదీ, చివరికి ఏమయ్యాడు: చనిపోయాడా, తిరిగొచ్చాడా, పారిపోయాడా. 1699 నుంచి 1794 వరకు ఉన్న పుస్తకాల్లోని వివరాలని డేటాబేస్‌గా మార్చారు, ఆరు లక్షల పైచిలుకు ఎంట్రీలు. ఎవరైనా ఫ్రీగా వెతుక్కోవచ్చు.

ఇదంతా మనవళ్ళు చదువుకుంటారని రాసింది కాదు. ఓడెక్కేవాడు తన జీతంలో ఏడాదికి మూడు నెలల డబ్బు భార్యకో, పిల్లలకో, అమ్మానాన్నలకో ఇమ్మని కాగితం రాసివ్వచ్చు. ఎక్కేముందు తిండికీ పడకకీ చేసిన అప్పుకి ఇంకో కాగితం. ఆ అప్పు పత్రాలు కొనుక్కుని వ్యాపారం చేసేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. డచ్‌లో 'పత్రం' అనే మాట, 'ఆత్మ' అనే మాట దగ్గరగా పలుకుతాయి కాబట్టి జనం వాళ్ళని 'ఆత్మలమ్మేవాళ్ళు' అని పిలిచారు. మంచి పేరే పెట్టారు! మొత్తానికి ఎవడు బతికున్నాడో తెలియకపోతే ఎవరికి ఎంత ఇవ్వాలో కంపెనీకి తెలీదు. అందుకే అంత శ్రద్ధ.

ఇప్పుడు అసలు తమాషా. అప్పట్లో చాలామంది డచ్చివాళ్ళకి ఇంటిపేరే లేదు. యాన్ కొడుకు పీటర్ అయితే పీటర్ యాన్స్, ఆ పీటర్ కొడుకు మళ్ళీ యాన్ పీటర్స్. 1811 తర్వాత గానీ అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలన్న రూల్ రాలేదు. మరి ఒకే ఊరి నుంచి పది మంది పీటర్ యాన్స్‌లు ఓడెక్కితే మీ ముత్తాత ఎవరు? ఇక్కడ చర్చి పుస్తకం పనికొస్తుంది. పుట్టిన బిడ్డకి బాప్తిస్మం, పెళ్ళి, సమాధి అన్నీ చర్చిలో రాసేవాళ్ళు. జీతాల పుస్తకంలో డబ్బు అందుకున్న భార్య పేరు చూసి, చర్చి పెళ్ళిళ్ళ పుస్తకంలో అదే జంటని పట్టుకోవాలి. డీబీఎంఎస్ క్లాసులో చెప్పిన ఫారిన్ కీ ఇదే. రెండు టేబుల్స్‌ని కలిపేది ఓడెక్కినవాడి పేరొక్కటే కాదు, ఇంటిదగ్గర మూడు నెలల జీతం కోసం ఎదురుచూసిన ఆవిడ పేరు కూడా.

ఇంగ్లాండ్‌లోనూ కథ ఇంతే. అక్కడ చర్చి రిజిస్టర్లు 1538లో ప్రభుత్వం ఆర్డర్ వేస్తే మొదలయ్యాయి. ఓడ సిబ్బంది జాబితాలు 1835 చట్టంతో తప్పనిసరి అయ్యాయి, యుద్ధం వస్తే నేవీకి మనుషులు కావాలి కదా. చరిత్ర అంటే ప్రాణం పెట్టేవాళ్ళేం కాదు. తర్వాత చోటు చాలడం లేదని ఆ జాబితాల్లో చాలా భాగం వదిలించుకోబోతే, కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ యూనివర్సిటీ ఒకటి తీసుకెళ్ళి దాచింది. 1863 తర్వాతి వాటిలో దాదాపు 70 శాతం ఇప్పుడు అక్కడే ఉన్నాయి.

ఇక మన వైపు. ఆ డచ్చి నావికుడు ఓడ నుంచి ఒడ్డుకి ఎలా వచ్చాడు? ఓడలు కెరటాల్లోకి రాలేవు కాబట్టి దూరంగా లంగరేసేవి. మేకులు లేకుండా కొబ్బరితాళ్ళతో కుట్టిన మసులా పడవల్లో మనవాళ్ళే సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకి చేర్చేవాళ్ళు. పడవలో కూర్చున్నవాడికి జీతాల పుస్తకంలో రెండు పేజీలు. తెడ్డు వేసినవాడికి ఒక్క లైన్ దొరకదు. ఇంగ్లీషు ఓడల్లో పనిచేసిన లస్కర్లని కూడా సరంగు గుంపుగా కుదుర్చుకొచ్చేవాడు, బేరం సరంగుతోనే. మనిషి మనిషికీ లెక్క చెప్పక్కర్లేనప్పుడు పేర్లెవరు రాస్తారు?

డబ్బు వల్ల అవసరం పడినచోట మనవాళ్ళ పేర్లూ ఎక్కాయి. మారిషస్ చూడండి. 1834 నుంచి అక్కడి చెరుకు తోటలకి నాలుగున్నర లక్షల మంది భారతీయ కూలీలు వెళ్ళారు. తెలుగువాళ్ళని అక్కడ 'కోరంగి' వాళ్ళన్నారు, మన కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద. ఒక్కొక్కరికీ ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన ఓడ. 1860ల నుంచి ఫొటోలు కూడా. కాంట్రాక్టు మధ్యలో కూలీ పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చే వివరాలివి. దాని ఫలితం ఏంటంటే, మారిషస్‌లో ఉన్న మునిమనవరాలికి ముత్తాత ఊరు తెలిసే అవకాశం ఉంది. ఆ ఊళ్ళోనే ఉండిపోయిన తమ్ముడి మునిమనవడికి అలా ఒకాయన వెళ్ళాడన్న సంగతే తెలియకపోవచ్చు.

రెడ్లకీ కాపులకీ గోత్రాలు, వంశాలు నోటితో చెప్పే వంశరాజులు మనకి లేరా అని అడగొచ్చు. ఉన్నారు, అద్భుతమైన జ్ఞాపకశక్తి వాళ్ళది. కానీ వాళ్ళకీ ఎవరో ఒకరు దానం ఇవ్వాలి. తెడ్డు వేసేవాడి వంశం చెప్తే ఎవరిస్తారు?

రికార్డు దొరికినా సాఫ్ట్‌వేర్ మనకోసం రాసింది కాదు. పేర్లు వెతకడానికి పాత అల్గారిథమ్ ఒకటుంది, సౌండెక్స్, 1918లో అమెరికాలో పేటెంట్ అయింది. పేరులో మొదటి అక్షరం అలాగే ఉంచి, మిగతా శబ్దాలని మూడు అంకెలు చేస్తుంది. ఇంగ్లీషులో రాసిన 'వెంకన్న'కి వచ్చే కోడ్ వీ-525. మన పల్లెల్లో పలికేది 'ఎంకన్న'. ఆ ఉచ్చారణే విని గుమాస్తా రాసుంటే ఈ-525, లేకపోతే వై-525. అంకెలు మూడూ కరెక్టే, మొదటి అక్షరం మారింది కాబట్టి సెర్చ్‌లో దొరకడు! పైగా మారిషస్‌లో వెళ్ళినాయన పేరే తర్వాతి తరాలకి ఇంటిపేరైపోయింది. 'అప్పడూ' అనే ఇంటిపేరు అక్కడ మామూలు, అది ఎవరో అప్పడు గారు. అసలు ఇంటిపేరు ఓడ ఎక్కే ముందే పోయింది.

అందుకే ప్రతి ఏడాదీ అవే చాట్‌బాట్ ప్రాజెక్టులు చేసే బదులు తెలుగు పేర్లకి ఒక సరైన సౌండెక్స్ రాయడం మేలని నా అభిప్రాయం. వ, య, ఎ ఒకటిగా చూడాలి, 'స్వామి'కీ 'సామి'కీ ఒకే కోడ్ రావాలి. పెద్ద పనేం కాదు, ఒక మినీ ప్రాజెక్టు.

ఇంకో సంగతి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మర్చంట్ నేవీకి వెళ్ళిన ఇళ్ళు మన కాలేజీలోనే ఎన్నో ఉంటాయి. వాళ్ళందరికీ సీడీసీ అనే చిన్న పుస్తకం ఉంటుంది. ఎక్కిన ప్రతి ఓడ పేరు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, చేసిన ఉద్యోగం అన్నీ స్టాంపులతో సహా అందులో ఉంటాయి. రిటైరయ్యాక అది బీరువాలో పాత కరెంటు బిల్లుల కింద పడుంటుంది, ఇల్లు మారినప్పుడు పాత పేపర్లవాడికి పోతుంది. ఈ సెలవులకి ఇంటికెళ్తే అడిగి ఫొటో తీసుకోండి. ఫొటో, నంబరు ఉన్న మొదటి పేజీ బయటెవరికీ పంపకండి. లోపలి పేజీలు మాత్రం ఒక్కటీ వదలొద్దు, ఓడల పేర్లు అక్కడే ఉంటాయి. పక్కన తాతగారుంటే ఏ ఓడలో వంట బాగుండేదో కూడా అడగండి, అది ఏ గుమాస్తా రాయడు.