విత్తు కోరే తేమ వేరు, గడ్డ కోరే తేమ వేరు

కర్నూలు నుంచి ఒక సోదరి మాకు లేఖ వ్రాశారు. రెండు శీతకాలాలుగా ఆమె మేడపైన కుండీలలో క్యారెట్ వేస్తున్నారు. మొదటి ఏడు విత్తనం మొలవనే లేదు. రెండవ ఏడు మొలిచిన వాటిలో సగం మొదలు కుళ్ళి పడిపోయాయి, మిగిలిన గడ్డలు నిలువునా పగిలాయి. “నీ చేతిలో బర్కత్ లేదమ్మా” అని అత్తగారు అన్న మాట ఆమెను పంట పోయినదానికన్నా ఎక్కువగా బాధించింది. ఈ ఏడు మళ్ళీ వేయమంటారా, మానుకోమంటారా అని అడిగారు.

వేయండి సోదరీ. మొక్క మొలవలేదని మనిషి చేతికి అశుభాన్ని అంటగట్టడానికి మన ధర్మంలో తావు లేదు. మీ లేఖలోని వివరాలే అసలు కారణాన్ని చెబుతున్నాయి. మొదటి ఏడు మీరు ఉదయం ఒక చెంబు నీరు పోసి, మరునాటి ఉదయం వరకు కుండీని ఎండకు వదిలేశారు. రెండవ ఏడు ఆ భయంతో రెండు పూటలా కుండీ నిండేలా పోశారు. నడుమ మీరు పుట్టింటికి వెళ్ళిన పది రోజులూ ఎవరూ చుక్క నీరు పోయలేదు. రెండుసార్లూ తప్పింది తేమ లెక్క.

క్యారెట్ మన ధనియాలు, సోంపు, జీలకర్ర, వాము కుటుంబానికి చెందినది. ఈ కుటుంబపు విత్తనాలు నిదానంగా మొలుస్తాయి. మెంతులు మూడు నాలుగు రోజులలో తల ఎత్తితే, క్యారెట్ మన శీతకాలంలో వారం నుంచి రెండు వారాలు తీసుకుంటుంది. అరబ్బులు ‘జజర్ అబ్‌యజ్’, అనగా తెల్ల గాజర్, అని పిలిచే పార్స్నిప్ ఇంకా మొండిది. చలి దేశాలలో పండే ఆ దుంప మొలవడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. ఏడాది దాటిన విత్తనం చాలావరకు మొలవదు. ఇంగ్లాండులో కాపురముంటున్న మన బిడ్డలెవరైనా పెరటిలో దానిని వేస్తే, మొలక గురించి ఇక్కడ వ్రాస్తున్న మాటలు వారికీ వర్తిస్తాయి.

ఇన్ని రోజులూ విత్తనం మట్టిలో అర అంగుళం లోతున మాత్రమే ఉంటుంది. అంతకన్నా లోతున వేస్తే ఆ సన్నని మొలకకు పైకి వచ్చే బలం ఉండదు. మేడపై ఎండకు, గాలికి మొదట ఆరిపోయేది కూడా ఆ అర అంగుళమే. అడుగున మట్టి ఎంత తడిగా ఉన్నా విత్తనానికి అందదు. పైగా ఎర్రమట్టి ఆరితే అట్ట కడుతుంది, మొలక దాని క్రిందనే ఆగిపోతుంది. నీరు పీల్చుకొని ఉబ్బి, మొలకెత్తబోతున్న విత్తనం ఒక్క మధ్యాహ్నం ఎండిపోతే చాలు. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా అది తిరిగి లేవడం అరుదు.

కనుక అక్టోబరు చివరలోనో నవంబరులోనో, అడుగు లోతున్న కుండీని తీసుకొని, రాళ్ళు ఏరిన మట్టిలో ఇసుక, బాగా చివికిన పాత ఎరువు కలిపి నింపండి. పచ్చి పేడ ఎరువు వేస్తే గడ్డ కొమ్మలు చీలుతుంది. విత్తే ముందే, అడుగు రంధ్రం నుంచి కారేవరకు నీరు పోసి మట్టిని తడపాలి. విత్తనాన్ని సన్నని ఇసుకతో కలిపి చల్లి, పైన కొబ్బరిపొట్టు పలుచగా పరచి, దానిపై తడిపిన గోనెపట్టా కప్పండి. ఉదయం, సాయంత్రం ఆ పట్టా మీదనే నీళ్ళు చిలకరించండి. గోనె నీడనిస్తుంది, గాలి ఆడనిస్తుంది, నీటి ధాటికి విత్తనం కొట్టుకుపోకుండా కాస్తుంది. ప్లాస్టిక్ కాగితం మాత్రం కప్పవద్దు. ఎండలో దాని క్రింద మట్టి ఉడికిపోతుంది. ఐదవ రోజు నుంచి ప్రతి ఉదయం పట్టా అంచు ఎత్తి చూడాలి. దారపు పోగుల వంటి మొలకలు నాలుగు కనిపించిన నాడే దానిని తీసివేయండి. ఆలస్యమైతే మొలకలు గోనె పోగులలోకి దూరి, పట్టాతో పాటే ఊడివస్తాయి.

ఇక్కడి నుంచి లెక్క తలక్రిందులవుతుంది. విత్తనాన్ని బ్రతికించిన ఆ నిరంతరపు తడే లేత మొలకను చంపుతుంది. పైపొర ఎప్పుడూ చిత్తడిగా ఉండి, గాలి కదలకపోతే, శిలీంధ్రం సోకి మొక్క మొదలు నల్లబడి వాలిపోతుంది. మీ రెండవ ఏటి నష్టం ఇదే. మొలకలు రెండంగుళాలు పెరిగాక, ఒక్కొక్క దాని మధ్య రెండంగుళాల ఎడం ఉండేలా మిగిలినవి తీసివేయాలి. చాలామంది తల్లులకు ఈ పని చేయడానికి చేయి రాదు. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది కనుక కత్తెరతో మొదట్లో కత్తిరించడం మేలు.

నీరు ఎప్పుడు పోయాలో గడియారం చెప్పదు, వేలు చెబుతుంది. వేలిని రెండంగుళాలు మట్టిలో దించి చూడండి. చల్లగా, తడిగా తగిలితే ఆ పూట నీరు వద్దు. పొడిగా ఉంటే రంధ్రం నుంచి కారేవరకు నిదానంగా పోయండి. 12వ శతాబ్దపు సెవిల్ నగరవాసి ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథం ‘కితాబుల్ ఫిలాహా’ను నేల, ఎరువు, నీరు అనే అధ్యాయాలతో ప్రారంభించారు, మొక్కల వంతు ఆ తర్వాతనే. మన విద్యార్థులకు ఈ క్రమం చెప్పినప్పుడు ఆశ్చర్యపడతారు.

నీటి ఎద్దడి ఉన్న ఇళ్ళవారికి ఒక సూచన. మా మదరసాలో వుజూ చేసిన నీటిని గొట్టం ద్వారా తొట్టిలోకి మళ్ళించి మొక్కలకే పోస్తున్నాము. సబ్బు కలవని ఆ నీరు మొక్కకు ఏ హానీ చేయదు. కుండీ క్రింద పళ్ళెంలో చేరిన నీటిని మాత్రం పారబోయండి. అక్కడ వేరు కుళ్ళుతుంది, దోమ గుడ్లు పెడుతుంది.

గడ్డ పగలడానికి కారణం నీరు తక్కువ కావడమో, ఎక్కువ కావడమో మాత్రమే కాదు. పది రోజుల ఎండు తర్వాత ఒక్కసారిగా బకెట్ నీరు అందితే లోపలి కండ త్వరత్వరగా ఉబ్బుతుంది, గట్టిపడిన పైచర్మం సాగలేక చీలుతుంది. ప్రయాణం ఉంటే కుండీలను నీడకు జరిపి, మట్టిపై మీ ప్రాంతంలో దొరికే వేరుశనగ పొట్టును రెండంగుళాల మందాన పరచి, పొరుగువారికి అప్పగించి వెళ్ళండి. తిరిగివచ్చాక ఎండిన కుండీకి మొదటి రోజు కొద్దిగా, మరునాడు మరికొద్దిగా పోయాలి.

గాలిలోని తేమ మన చేతిలో లేదు. కర్నూలు పొడిగాలి గురించి దిగులు వద్దు. మట్టి తడిగా ఉంటే క్యారెట్ దానిని ఓర్చుకుంటుంది. నెల్లూరు, మచిలీపట్నం సోదరీమణులకు చిక్కు వేరు. అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన తగ్గాకనే విత్తడం మంచిది. ఉక్క గాలిలో ఆకు రాత్రంతా తడిగా ఉంటే మచ్చలు పడి మాడిపోతుంది. కుండీల మధ్య మూరెడు ఎడం ఉంచి, సాయంత్రం కాక ఉదయమే, ఆకు తడవకుండా మొదట్లో పోయండి.

మిగిలిన విత్తనానికి మాత్రం తేమ శత్రువు. పొయ్యి పక్క అలమరలో కాక, మూత బిగిసిన పొడి సీసాలో, చల్లని చోట దాస్తే క్యారెట్ విత్తనం రెండు మూడేళ్ళు నిలుస్తుంది.

సుమారు మూడు నెలలకు గడ్డలు సిద్ధమవుతాయి. పీకిన వెంటనే ఆకులు తుంచండి. లేకుంటే అవి గడ్డలోని నీటిని లాగివేస్తాయి, అది రబ్బరులా వంగిపోతుంది. గడ్డలను తడిపి పిండిన గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలో ఉంచండి. తుంచిన ఆకులలో లేతవి పప్పులో వేసుకోవచ్చు.