యోగ్యతాపత్రం ఏ రోజుకు సాక్ష్యం?



ఛందస్సూ వ్యాకరణమూ బోధించి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితునికి మోటారు బండ్ల ప్రసక్తి ఎందుకని కొందరికి తోచవచ్చు. ఒక మాటకు అర్థం ఎంతవరకు నిలుస్తుందో విచారించడం మా పనే కదా! 'ఫిట్‌నెస్ సర్టిఫికెట్' అన్న మాట మన కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాలలో 'ఎఫ్‌సీ' అని కురచబడి అందరి నోళ్లలో నానుతున్నది. పాత బండి కొన్నవారు ముందుగా చెప్పే మాట "ఎఫ్‌సీ అయింది సార్, ఇంక ఫికరు లేదు" అని. ఆ 'ఫికరు లేదు' అన్న భాగాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

మా శిష్యుడొకడు స్టాండర్డ్ హెరాల్డ్ కారును కొని, బాగుచేయించుకొని, దానిని 'నా స్పోర్ట్స్ కారు' అంటూ మురిసిపోతుంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఇంగ్లండులో ట్రయంఫ్ సంస్థ 1959లో విడుదల చేసిన హెరాల్డ్, 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారైంది. ఆ హెరాల్డ్ చట్రాన్నే పొట్టి చేసి ట్రయంఫ్ వారు 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చారు. కనుక మావాని బండి స్పోర్ట్స్ కారు కాకపోయినా దానికి తోబుట్టువు. చూచి ముచ్చటపడనివారుండరు. అయితే ముచ్చట వేరు, నమ్మకం వేరు.

చట్టం ఏమంటున్నదో ముందు చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన తనిఖీ చేయించి 5 ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. బస్సులు, లారీలు, టాక్సీలకు నియమం కఠినం. 2018లో సవరించిన నిబంధన మేరకు వాటికి 8 ఏళ్లు నిండేవరకు రెండేళ్లకొకసారి, అటుపై ఏటేటా పరీక్ష. 2021లో 50 ఏళ్లు దాటిన బండ్లకు 'వింటేజ్' అనే ప్రత్యేక తరగతిని కల్పించి, 10 ఏళ్లు చెల్లే రిజిస్ట్రేషను ఇచ్చి, వాటిని నిత్యం రోడ్డు మీద తిప్పరాదన్నారు. అంటే 9 ఏళ్ల టాక్సీకి ఏటా పరీక్ష ఉన్నది. 30 ఏళ్ల సొంత కారుకు 5 ఏళ్లకొకసారి మాత్రమే. టాక్సీ ఎక్కువ తిరుగుతుంది గనుక ఆ కట్టడి సబబే. మరి కారు వయస్సు మాటేమిటి?

న్యాయశాస్త్రం చెప్పే ప్రమాణాలలో ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అన్నవి ఇక్కడ పనికివస్తాయి. తనిఖీ చేసే అధికారికి బండి ప్రత్యక్షం. ఆయన సంతకం చేసిన కాగితం మనకు శబ్ద ప్రమాణం, అంటే ఆప్తవాక్యం. ఆప్తుడు తాను చూచినదానికే సాక్షి, చూడనిదానికి కాడు. దీపాలు వెలిగాయి, హారను మోగింది, చట్రం మీది నంబరు సరిపోయింది, నాలుగు గజాలు నడిపి తొక్కితే బ్రేకు పట్టింది. ఇవన్నీ ఆ పూట నిజాలు. ఆ అధికారి ఎంత నిజాయితీపరుడైనా, కంటికి కనబడని వాటిని ఎలా చెప్పగలడు?

అటువంటి వాటిలో మొదటిది బ్రేకు ఆయిల్. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణమున్నది. 'డాట్ 3' రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. దాదాపు నూటికి 4 పాళ్ల నీరు చేరిందంటే ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలిపోతాయి, ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడలు నేలకు అంటుతుంది గాని బండి ఆగదు. కార్యాలయం ముందరి చదును నేల మీద, చల్లని బ్రేకులతో, ఖాళీ బండికి జరిగే పరీక్షలో ఇది బయటపడదు. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్‌లోనో, కొండగట్టు దిగుడులోనో బయటపడుతుంది. పైగా 1960ల నాటి కార్లలో సాధారణంగా నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేకు మార్గం ఉండేది. ఒక్క గొట్టం పగిలినా మొత్తం పోయినట్లే.

రెండవది తుప్పు. సముద్రతీరపు ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగిన బండి మన పొడి నేలకు వచ్చినా, ఉప్పుగాలి చేసిన హాని దానితోనే వస్తుంది. అడుగున కొత్తగా పూసిన నల్లరంగు అందాన్నిస్తుంది, చట్రంలోని చిల్లులనూ దాస్తుంది. మూడవది టైర్లు. గాళ్లు లోతుగా ఉంటే చాలనుకుంటాము. కాని మన ఎండలకు రబ్బరు లోలోపల బిరుసెక్కుతుంది. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూస్తే దాని వయస్సు తెలుస్తుంది. '2409' అంటే 2009లో 24వ వారం అన్నమాట.

"నెలకొకసారి తీసే బండికి ఇంత భయమెందుకు సార్?" అన్నాడు మావాడు. తిరగని బండికి అరుగుదల తక్కువ, నిజమే. కాని ఆయిల్‌లో తేమ చేరడానికి, సిలిండర్లు తుప్పుపట్టడానికి, రబ్బరు పగుళ్లివ్వడానికి బండి తిరగనక్కరలేదు; ఊరకే నిలబడితే చాలు.

ఈ విషయంలో ప్రపంచమూ ఏకాభిప్రాయంతో లేదు. బ్రిటన్‌లో 1960 నుంచి బండ్ల తనిఖీ ఉన్నది. అయినా 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని 40 ఏళ్లు పైబడిన కార్లకు దానిని తప్పనిసరి కాకుండా చేశారు. యజమానులు ప్రేమగా చూసుకుంటారన్నది వారి నమ్మకం. జర్మనీలో 30 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక గౌరవపు నంబరు ఇస్తారు గాని, రెండేళ్లకొకసారి పరీక్ష మాత్రం మానరు. నాకు జర్మనుల పద్ధతే సమంజసంగా తోస్తున్నది. ప్రేమకు కళ్లు తక్కువ.

మన ప్రాంతం ఈ పాఠాన్ని చాలా ఖరీదుపెట్టి చదివింది. 2018 సెప్టెంబరు 11న, ఒకప్పటి మన ఉమ్మడి కరీంనగరం జిల్లాలోని కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ జగిత్యాల డిపో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు విడిచారు. బస్సులో పరిమితిని ఎంతో మించి జనమున్నారు. ఆ దుర్ఘటన భారాన్ని ఏ ఒక్క కారణం మీదికో నేను నెట్టను. అన్నిటికంటె కఠినమైన తనిఖీ బస్సులదే. అయినా తనిఖీనాటి ఖాళీ బండి వేరు, దిగుడులో నిండుగా ఉన్న బండి వేరు అన్నది మాత్రం మరువలేము.

అయితే తనిఖీ వ్యర్థమా? కానే కాదు. పరీక్షలో ఉత్తీర్ణుడైనవానికి చదువంతా వచ్చినట్లు కాదు. అంతమాత్రాన పరీక్షలు ఎత్తివేస్తామా? 2021లో కేంద్రం యంత్రాలతో తనిఖీ చేసే కేంద్రాలకు నియమాలు ప్రకటించింది. అక్కడ చక్రాలను రోలర్ల మీద నిలిపి బ్రేకు బలాన్ని కొలుస్తారు. ఇది స్వాగతించదగినదే. నేను కోరేది మరి రెండు మాటలు. మొదటిది, యోగ్యతాపత్రంలో 'సరే' అన్న ఒక్క ముద్ర చాలదు. కొలిచిన అంకెలు, 'ఇది త్వరలో చెడనున్నది' అన్న హెచ్చరికలు కూడ రాయాలి. బ్రిటన్‌లో ఇటువంటి హెచ్చరికలు రాస్తారు. బండి నంబరుతో ఎవరైనా వాటిని చూసుకోవచ్చు. మనవద్ద పాత బండి కొనేవానికి ఇంతకంటె మేలు మరొకటి ఉండదు. రెండవది, 15 ఏళ్లు దాటిన సొంత కారుకు కాగితాల తతంగమేమీ లేకుండా బ్రేకులు, స్టీరింగు, చట్రం, టైర్లు ఈ నాలుగింటికే ఏటా ఒక పరీక్ష పెట్టాలి.

అంతవరకు మన జాగ్రత్త మనమే చూసుకోవాలి. రెండేళ్లకొకసారి బ్రేకు ఆయిల్ మార్పించుకోవడం, ఎక్కిన గేరులోనే ఘాట్ దిగడం ఖర్చుతో కూడిన పనులు కావు. ఇకపై ఎవరైనా "ఎఫ్‌సీ అయింది, ఎక్కండి" అంటే, "మంచిది. బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్పించావు నాయనా?" అని అడిగి ఎక్కండి. మావానిని నేను అడిగాను. ఆ వారమే మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

బండ్ల సంగతి నాకంటె బాగా ఎరిగిన మిత్రులు తమ అభిప్రాయం తెలుపగలరు.