ఎక్సెల్ బండికి ఎవరాగుతారు?

మోటార్‌సైకిల్ పత్రికలన్నీ అమ్ముడుపోయాయని బండి ఉన్న ప్రతివాడూ అంటాడు. ఎన్‌ఫీల్డ్ నడిపేవాడి లెక్కలో ఆ రాసేవాళ్ళంతా కేటీఎం మనుషులు. కేటీఎం కుర్రాడి లెక్కలో ఎన్‌ఫీల్డ్ ప్రకటనలు తిని బతికేవాళ్ళు. అపాచీ వాడికి బజాజ్ మీద అనుమానం, పల్సర్ వాడికి టీవీఎస్ మీద. తన బండికి పదికి ఏడు మార్కులు వేసి పక్కవాడి బండికి ఎనిమిది వేస్తే చాలు, కవరు అందిందని తేల్చేస్తాడు. నాలుగు వైపుల నుంచీ ఒకటే తిట్టు పడుతోందంటే ఆ నలుగురిలో ముగ్గురైనా తప్పు చెబుతున్నట్టే. నన్నడిగితే నలుగురిదీ తప్పే. పత్రికల్లో పక్షపాతం బోలెడుంది. దాన్ని ఈ నలుగురూ వెతికేచోట మాత్రం అది దొరకదు.

డబ్బు సంగతే ముందు చూద్దాం. పత్రిక పేజీలు తిప్పండి, ప్రకటనలు అందరివీ ఉంటాయి. కొత్త బండి వచ్చినప్పుడు విలేకరులకు విమానం టికెట్టు, హోటల్ గది, భోజనం అన్నీ కంపెనీలే చూసుకుంటాయి, ఇందులో దాపరికం లేదు. తిన్న ఉప్పు కలాన్ని మెత్తబరుస్తుంది, ఒప్పుకుంటాను. 'సీటు బండలా ఉంది' అని రాయాల్సినచోట 'సీటు ఇంకొంచెం మెత్తగా ఉంటే బాగుండేది' అని రాస్తారు. కానీ ఉప్పు పెట్టేవాళ్ళు అందరూ అయినప్పుడు ఆ మెత్తదనమూ అందరికీ సమానంగానే అందుతుంది. పత్రికలవాళ్ళు కలిసి ఇచ్చే ఇండియన్ మోటార్‌సైకిల్ ఆఫ్ ది ఇయర్ 2014లో కేటీఎం 390 డ్యూక్‌కి వెళ్ళింది, 2019లో ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650కి వెళ్ళింది. ఒకే జేబులోంచి వచ్చిన తీర్పులైతే ఇన్ని గుమ్మాలు తిరగవు.

ఒక బండిని ఇష్టపడటం నేరమేమీ కాదు. అమెరికాలో 'సైకిల్' అని మోటార్‌సైకిళ్ళ పత్రిక ఉండేది. దాని ఎడిటర్ కుక్ నీల్సన్ 1977లో డేటోనా సూపర్‌బైక్ రేసును డుకాటీ మీద గెలిచాడు. ఆ బండిని తయారుచేసిపెట్టింది అదే పత్రికలో పనిచేసే ఫిల్ షిల్లింగ్. వాళ్ళకి డుకాటీ అంటే ప్రాణమని పాఠకులందరికీ తెలుసు. తెలిసిన ఇష్టాన్ని పాఠకుడు తనే కొలిచి తీసేసుకుంటాడు. రాసేవాడికి కూడా తెలియకుండా అతని కొలబద్దలోనే కూర్చున్న ఇష్టం సంగతి వేరు. దాన్ని పట్టుకోవాలంటే టీవీఎస్ ప్లాంటున్న హోసూరు రావాలి.

బ్రాండు మీద పౌరుషం ఎంత పలచనిదో తెలియడానికి కూడా ఈ ఊరే మంచిది. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో ఇక్కడినుంచే బయటికొచ్చింది. ఆ తర్వాత సుజుకీతో పొత్తు కుదిరి ఇండ్-సుజుకీ బండ్లొచ్చాయి. సమురాయ్, షోగన్‌ల మీద ఊరేగిన తరానికి టీవీఎస్, సుజుకీ ఒకటే ఇంటిపేరు. 2001లో ఆ రెండూ విడిపోయాయి. 2013లో బీఎండబ్ల్యూతో కొత్త సంబంధం కలిసింది. దాంతో 313 సీసీ ఇంజన్ ఒకటి పుట్టింది. సిలిండర్ హెడ్డును వెనక్కి తిప్పి గాలి ముందునుంచి తీసుకుని పొగ వెనకనుంచి వదిలే ఇంజన్ అది. దాన్ని బీఎండబ్ల్యూ జీ 310 ఆర్‌లో పెడితే జర్మన్ బండి, అపాచీ ఆర్ఆర్ 310లో పెడితే మన బండి. రెండూ హోసూరు గోడ లోపలివే. వాటి బ్రేకుల మీద ఉండే బైబ్రే పేరు కేటీఎం డ్యూక్ మీదా ఉంటుంది, ఎన్‌ఫీల్డ్ 650 మీదా ఉంటుంది. బ్రెంబో వాళ్ళ చిన్న బండ్ల బ్రాండు అది. వీటి యజమానులు ఒకరినొకరు బండబూతులు తిట్టుకుంటుంటే, నలుగురినీ ఆపుతున్నది ఒకే కంపెనీ బ్రేకు. 2020లో టీవీఎస్ ఇంగ్లండుకి చెందిన నార్టన్‌ని కూడా కొనేసింది. రేపు ఎవరైనా నార్టన్ అభిమాని అపాచీ వాడిని చూసి ముక్కు విరిస్తే ఏమనాలో నాకు తోచడంలేదు.

కంపెనీలు మాత్రం తమ తగాదాలని మనలా గుండెకు హత్తుకోవు. రెండు స్పార్క్ ప్లగ్గుల ఇంజన్ విషయమై బజాజ్, టీవీఎస్ 2007లో కోర్టుకెక్కాయి. మద్రాసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, చివరకు 2019లో రాజీ పడ్డాయి. అదే బజాజ్ 2017లో డామినార్ అమ్ముకోవడానికి 'ఏనుగుని పెంచకండి' అంటూ ఎన్‌ఫీల్డ్‌ని ఎగతాళి చేసే ప్రకటనలు వేసింది. బుల్లెట్ వాళ్ళు భగ్గుమన్నారు. వ్యాపారానికి పనికొచ్చే మంట కాబట్టి ఎవరూ ఆర్పలేదు. ఇది కొత్తేమీ కాదు. 1964లో ఇంగ్లండులో స్కూటర్ల మోడ్స్‌కీ, మోటార్‌సైకిళ్ళ రాకర్స్‌కీ క్లాక్టన్, బ్రైటన్ తీరాల్లో గొడవలైతే పత్రికలు దాన్ని యుద్ధంలా రాశాయి. గోరంతను కొండంత ఎలా చేశారో సమాజశాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ 1972లో ఒక పుస్తకమే రాశాడు. కాకిపిల్ల కాకికి ముద్దు, సరే. ఆ ముద్దుని పక్క గూటి మీద పగగా మార్చి అమ్ముకోవడమే ప్రకటనల పని.

ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో కరెంటు బండ్ల ముచ్చట. టీవీఎస్ ఐక్యూబ్ హోసూరులో, ఏథర్ హోసూరులో, సింపుల్ శూలగిరి దగ్గర, ఓలా పోచంపల్లి వైపు. అన్న ఒక కంపెనీ యూనిఫాంలో, చెల్లెలు ఇంకో కంపెనీ యూనిఫాంలో ఒకే వీధి నుంచి బస్సెక్కుతారు. ఏథర్ తన చార్జింగ్ కనెక్టర్‌ని మిగతావాళ్ళూ వాడుకోవచ్చని బయటపెడితే హీరో వీడా దాన్ని తీసుకుంది. పోటీ పడేవాళ్ళే ప్లగ్గు పంచుకుంటుంటే, కొన్నవాళ్ళు మాత్రం నీది గొప్పా నాది గొప్పా అని గొంతు చించుకుంటున్నారు.

ఇంతవరకు విని చాలామంది తలూపుతారు. 'అదేగా మేమూ అనేది, బ్రాండ్లేమిటి, రోడ్డు మీద రైడర్లంతా అన్నదమ్ములం' అంటారు. ఇక్కడే నాకు పేచీ.

ఆదివారం పొద్దున బెంగుళూరు నుంచి అత్తిబెలె దాటి జాతీయ రహదారి 44 మీద కృష్ణగిరి వైపు గుంపులు గుంపులుగా బండ్లొస్తాయి. ఎన్‌ఫీల్డ్, కేటీఎం, ట్రయంఫ్, మధ్యలో ఒక బీఎండబ్ల్యూ. టిఫిను దగ్గర అందరూ కలిసే నిలబడతారు, ఒకరి బండిని ఒకరు ఎక్కి చూస్తారు, చైన్‌కి స్ప్రే కావాలంటే ఇస్తారు. బ్రాండ్ల మధ్య గోడ లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అట్లాంటి ఒక ఆదివారం శూలగిరి దాటాక నేను టీ అంగడిలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా రోడ్డు వారన ఒక పెద్దాయన టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ ఆపుకుని నిలబడ్డాడు. వెనక రెండు దాణా బస్తాలు, ముందు కాళ్ళ దగ్గర ఖాళీ పాల క్యాను. వెనక టైరు నేలకి అతుక్కుపోయింది. జాకెట్లు వేసుకున్న గుంపు ఒకటి వెళ్ళింది, వెనకే ఇంకొకటి. ఒక్క తల కూడా అటు తిరగలేదు. కాసేపటికి పెళ్ళాంతో స్ప్లెండర్ మీద వచ్చే మనిషి ఆగాడు.

"ఏమన్నా, ఏమాయె?"

"ట్యూబు నోటికాడ కోసుకుపోయిండాది అప్పా."

బస్తాలు దించారు. చక్రం విప్పారు. స్ప్లెండర్ వాడు పెళ్ళాన్ని అంగడి బల్ల మీద కూర్చోబెట్టి, పెద్దాయనని వెనక ఎక్కించుకుని, చక్రాన్ని ఆయన ఒళ్ళో పెట్టి పంక్చర్ షాపుకి బయల్దేరాడు. ఆమె నన్ను చూసి, "ఈయనకి ఇదొక పని" అని నవ్వింది.

ఆ జాకెట్ల వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. అక్కడ ఒక డ్యూక్ ఆగి ఉంటే పది మంది ఆగేవాళ్ళు. ఆగగా నేను చూశాను కూడా. వాళ్ళ కంటికి ఎక్సెల్ బండిలా ఆనలేదు, దాని మీదున్న మనిషి రైడర్‌లా ఆనలేదు. రోడ్డు పక్క మైలురాయి ఎంతో అదీ అంతే. సరదాకి నడిపేవాళ్ళు ఒక కులం, బతుకుతెరువుకి నడిపేవాళ్ళు ఇంకో కులం. అన్నదమ్ముల మాట మొదటి కులం లోపలే చెల్లుతుంది.

ఆ చూపు నేర్పింది ఎవరు? పత్రికల అసలు పక్షపాతం ఇక్కడ ఉందంటాను. టీవీఎస్ కొత్త బండి తెస్తే విలేకరులని తరచూ హోసూరు ప్లాంటులోని టెస్ట్ ట్రాక్‌కే పిలుస్తుంది. వాళ్ళొస్తారు, నున్నటి తారు మీద చుట్లు కొడతారు, సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లో, వందకి ఎన్ని సెకన్లో రాసుకుంటారు, మలుపులో మోకాలు నేలకి ఆనించి ఫోటో దిగుతారు, సాయంత్రానికి విమానమెక్కుతారు. ఆ గోడ అవతలే రాయకోట రోడ్డు ఉంది, తళి రోడ్డు ఉంది, గులాబీ కట్టలతో, చామంతి మూటలతో తెల్లవారకముందే పూల మార్కెట్‌కి పరుగెత్తే ఎక్సెల్‌లు ఉన్నాయి. వాటి గురించి రాయడానికి ఎవరూ గేటు దాటి రారు. టీవీఎస్ 50 నుంచి ఎక్సెల్ 100 దాకా నలభై ఏళ్ళు దాటిన వంశం అది. ఇప్పటికీ నెలకి వేలల్లో అమ్ముడవుతోంది. దాన్ని కవర్ మీద వేసిన పత్రిక నా కంటబడలేదు.

కొలతలు చూడండి. ఏబీఎస్ ముందు చక్రానికే ఉందా రెండింటికీ ఉందా అని పేజీలు పేజీలు రాశారు, మంచిదే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి అయినప్పుడే, అంతకు తక్కువ వాటికి ఒక లివర్ నొక్కితే రెండు బ్రేకులూ పట్టే సీబీఎస్ అయినా ఉండి తీరాలన్నారు. దేశంలో ఎక్కువమంది ప్రాణం ఆ రెండో రకం బ్రేకు మీదే ఉంది. వెనక వంద కిలోల మూట ఉన్నప్పుడు, వాన పడ్డ తారు మీద అది ఎలా పడుతుందో పరీక్షించి రాసిన వ్యాసం నాకు చూపించండి. మైలేజీ పరీక్ష చేసేటప్పుడు బండి మీద ఒక్కడే కూర్చుంటాడు. ఎక్సెల్ మీద ఒక్కడే ఎప్పుడు కూర్చున్నాడు?

మత్తిగిరి దారిలో నేను వెళ్ళే షెడ్డులో మేస్త్రీ ఒకడున్నాడు. చదివింది తక్కువే గాని, బండి గురించి అతను చెప్పే నాలుగు ముక్కలు ఏ రోడ్ టెస్టులోనూ దొరకవు. పాత టూస్ట్రోక్ ఎక్సెల్ సూపర్ బండి లాగలేకపోతోందని తెస్తే, ఇంజన్ జోలికి పోకుండా ముందు సైలెన్సర్ విప్పి మంటలో పెడతాడు. ఎర్రగా కాలాక సుత్తితో తడితే లోపల గడ్డకట్టిన మసి పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది. బిగించి కిక్ కొడితే బండికి ఊపిరొస్తుంది. కొత్త బండ్ల గురించి అడిగితే అతను వేగం మాట ఎత్తడు. దేనికి సామాను ఈ ఊర్లో దొరుకుతుంది, దేనికి పదిరోజులు కాసుకోవాలి, బరువు మోసేవాడికి క్లచ్ షూలు ఎన్నాళ్ళొస్తాయి, వెనక షాకబ్జర్ ఎప్పుడు నూనె కక్కుతుంది, ఇదీ అతని లెక్క. నాలుగు బ్రాండ్ల బండ్లు అతని ముందు విప్పి పడుంటాయి. ఒక దాని మీద ప్రేమ, ఒక దాని మీద ద్వేషం అతనిలో నేను చూడలేదు. డబ్బాలో మిగిలిన నట్టు దేనికి సరిపోతే దానికి బిగిస్తాడు.

పత్రికలవాళ్ళ జవాబు నాకు తెలుసు: ఎక్సెల్ కొనేవాడు మా పత్రిక చదవడు. నిజమే, ఆ దాణా బస్తాల పెద్దాయన ఇంగ్లీషు మోటార్‌సైకిల్ పత్రిక కొనడు. కానీ ఆయన కొడుకో అల్లుడో ఫోనులో అన్నీ చదివి, ఏ బండి కొనాలో ఆయనకి చెప్పేవాడే. వాయిదాలు కట్టేది కూడా చాలా ఇళ్ళల్లో అతనే. అతను వెతికినప్పుడు దొరికేది మూడు లక్షల బండి సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లన్న సమాచారం. ఇంకో మాట. తమ పత్రిక చదివేవాళ్ళు కొనే బండ్ల గురించే రాస్తామనేవాళ్ళు, ఇరవై లక్షల డుకాటీ మీద ఎనిమిది పేజీలు ఎందుకేస్తారు? వాళ్ళ పాఠకుల్లో దాన్ని కొనేవాళ్ళు ఎందరు? ఊరించడానికి జాగా ఉంది, ఉపయోగానికి లేదు.

బ్రాండు పేరుతో పత్రికలని తిట్టే అభిమానులు ఈ లోటుని పట్టించుకోరు, ఎందుకంటే ఇందులో వాళ్ళూ భాగస్తులే. వాళ్ళకి కావలసింది తమ బండి గెలిచే పోలిక. పత్రిక ఆ పోలికే వండి పెడుతుంది. గెలిచినవాడు వ్యాసాన్ని నలుగురికీ చూపిస్తాడు, ఓడినవాడు అమ్ముడుపోయారంటాడు, ఇద్దరూ వచ్చే నెల సంచిక కోసం చూస్తారు.

పరీక్ష మార్చడం కష్టమేమీ కాదు. హోసూరు వచ్చిన టెస్టరు ఇంకొక్క రోజు ఆగి, రెండు బస్తాలేసుకుని రాయకోట దాకా వెళ్ళి రావచ్చు. దిగువలో బ్రేకు ఎక్కడ పట్టిందో, ఎత్తులో క్లచ్ ఎక్కడ జారిందో, వెనక చక్రం విప్పడానికి ఎన్ని స్పానర్లు కావలసి వచ్చాయో రాయవచ్చు. కంపెనీ బండి ఇవ్వకపోతే షోరూములో కొనుక్కోవచ్చు. వాళ్ళు వేసుకొచ్చే జాకెట్టూ హెల్మెట్టూ బూట్లూ గ్లౌజులూ కలిపితే దాదాపు ఒక ఎక్సెల్ ధర అవుతుంది.