లక్ష అడుగుల యాత్రకు తగిన పాదరక్ష

నవరాత్రులు వచ్చినవంటే భిలాయి నుండి పడమరగా సాగిపోయే రహదారి పాదచారులతో నిండిపోతుంది. దుర్గ్ పట్టణాన్ని, శివనాథ్ నదిపై వంతెనను దాటి, రాజనందగావ్ మీదుగా డోంగర్‌గఢ్ కొండపై వెలసిన బమ్లేశ్వరీదేవి దర్శనానికి భక్తులు వేల సంఖ్యలో కాలినడకన తరలిపోతారు. శరన్నవరాత్రులలోను, చైత్ర నవరాత్రులలోను కూడ ఈ దృశ్యం కనబడుతుంది. సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైనది. ఆ తరువాతి కాలంలో అక్కడికి పనికి వచ్చి, ఆ నేలనే తమ ఊరుగా చేసుకొన్న తెలుగు కుటుంబాలు అనేకం. ఈ యాత్ర వారికి కూడ పరిచితమైనదే.

దూరం సుమారు 70 నుండి 80 కిలోమీటర్లు. అలిపిరి నుండి తిరుమలకు మెట్లదారిన వెళ్ళడం ఒక పూటలో ముగిసే పని. ఇది రెండు మూడు దినాల నడక. అడుగు పొడవు 70 సెంటీమీటర్లు అనుకొంటే 75 కిలోమీటర్లకు లక్షా ఏడువేల అడుగులు పడతాయి. అంటే ఒక్కొక్క పాదం యాభై వేల సార్లకు పైగా శరీరభారాన్ని మోయాలి. ఆరోగ్యవంతుని పాదానికే ఇది పరీక్ష. మడమనొప్పి, చదునుపాదం, ఆనెకాయలు, మధుమేహం ఉన్నవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కనుక సంకల్పం చెప్పుకొన్నవారు మొట్టమొదట ఆలోచించవలసినది పాదరక్షను గురించి.

గట్టిదే మంచిదా?

కర్మాగారాలలో పనిచేసేవారికి రక్షణ బూట్లు అలవాటు. ఇంత దృఢమైన బూటు ఉండగా వేరొకటి ఎందుకని అనిపించడం సహజం. కాని ఆ బూటు పుట్టిన అవసరం వేరు. దాని ముందుభాగంలోని ఉక్కుతొడుగు బరువైన వస్తువు మీద పడినప్పుడు వ్రేళ్ళను కాపాడటానికి ఉద్దేశించినది. అది వంగదు, సాగదు. గంటల తరబడి నడిచినప్పుడు పాదం వాస్తుంది. వాచిన పాదానికి ఉక్కుతొడుగు చోటు ఇవ్వదు. దాని బరువు ప్రతి అడుగులోను పిక్కలపై పడుతుంది. పనిచోట ప్రాణరక్షకమైన బూటే దారిలో బొబ్బలకు కారణం కావచ్చును.

హవాయి చెప్పులది దీనికి విరుద్ధమైన దోషం. వాటిని జారిపోనీయకుండ వ్రేళ్ళు ప్రతి అడుగులోను బిగపట్టుకొని ఉండాలి. మడమకు ఆధారం లేదు. అరగంట నడకకు సుఖంగా ఉన్న చెప్పు రెండవ దినానికి అరికాలిని అలసట పాలు చేస్తుంది.

ఏ పాదానికి ఏది?

ప్రొద్దున లేచి నేలపై మోపిన మొదటి అడుగులోనే మడమ క్రింద సూది గ్రుచ్చినట్లు నొప్పి కలిగి, నాలుగడుగులు వేసేసరికి కొంత తగ్గుతుంటే, అది చాలవరకు మడమ నుండి వ్రేళ్ళ వరకు వ్యాపించిన దళసరి పొరకు కలిగిన బాధ. వీరికి పలుచని అట్ట పనికిరాదు. మడమ క్రింద మెత్తదనం, మడమ ముందుభాగం కంటె కొద్దిగా ఎత్తుగా ఉండటం మేలు చేస్తాయి. రోజూ గోడకు చేతులానించి పిక్కలను సాగదీసే వ్యాయామం కూడ అవసరం.

తడికాలితో గచ్చుపై నిలిచినప్పుడు పాదం మొత్తం అచ్చు పడితే అది చదునుపాదం. దీనిని చూచి భయపడనక్కరలేదు. నొప్పి లేని చదునుపాదానికి చికిత్సతో పని లేదు. పాదపు వంపును బట్టి బూట్లు కేటాయిస్తే దెబ్బలు తగ్గుతాయా అని అమెరికా సైనిక శిక్షణ శిబిరాలలో వేలమందిపై పరిశీలించి 2009, 2010 ప్రాంతాలలో ఫలితాలు ప్రకటించారు. చెప్పుకోదగిన ప్రయోజనం కనబడలేదు. కనుక తొడిగి నడిచినప్పుడు కలిగే సుఖమే నమ్మదగిన కొలత. నొప్పి ఉన్న చదునుపాదానికి మాత్రం మడమను గట్టిగా పట్టి ఉంచేది, నడుమ మెలితిరుగనిది, వ్రేళ్ళ మొదళ్ళ వద్ద మాత్రమే వంగేది ఎన్నుకోవాలి.

బొటనవ్రేలి మొదట ఎముక ఉబికినవారు, ఆనెకాయలు ఉన్నవారు పొడవు కంటె వెడల్పును చూడాలి. పాదాన్ని కాగితంపై మోపి, నిలబడి, చుట్టూ పెన్సిలుతో గీయించుకొనండి. ఆ బొమ్మపై బూటును ఉంచినప్పుడు అంచులు బయట కనబడితే ఆ బూటు మీది కాదు. ఆనెకాయను బ్లేడుతో కోసుకొనే అలవాటును ఇంతటితో మానండి. ఒత్తిడి తొలగనిదే ఆనెకాయ తొలగదు.

నొప్పి తెలియని పాదం

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినవారు మధుమేహ రోగులు. చాలకాలంగా ఈ వ్యాధి ఉన్నవారిలో కొందరికి అరికాలి స్పర్శజ్ఞానం క్రమంగా నశిస్తుంది. రాయి గ్రుచ్చుకొన్నా, తారు కాలినా తెలియదు. బిగుతైన బూటే సరిగా పట్టినట్లు తోస్తుంది. చెప్పు జారి వెనుక ఉండిపోయినా గమనించక ముందుకు నడిచిపోయేవారు ఉన్నారు.

ఈ విషయంలో మనకు మార్గదర్శి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుండి పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్. కుష్ఠురోగుల పాదాలు పుండ్లుపడి అరిగిపోవడానికి మాంసం తనంతట తాను కుళ్ళడం కారణం కాదనీ, నొప్పి తెలియకపోవడం వలన గాయంపై గాయం చేసుకోవడమే కారణమనీ ఆయన గ్రహించాడు. అటువంటి పాదాలకు సన్నని గాలిగదులతో నిండిన మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు పరచిన చెప్పులు ఆ కృషిలో రూపొందినవి. ఎమ్‌సీఆర్ చెప్పులని పిలిచే ఇవే నేడు మధుమేహ రోగులకు కూడ ఉపయోగపడుతున్నవి. క్రింద ముల్లు దిగని గట్టి అట్ట, పైన మెత్తని పరుపు, వ్రేళ్ళ సందున పట్టీ లేకపోవడం, మడమ వెనుక పట్టీ ఉండటం వీటి ముఖ్యలక్షణాలు.

యాత్రకు నెల రెండు నెలల ముందే వైద్యునిచే పాదాలు పరీక్ష చేయించుకోవాలి. 10 గ్రాముల ఒత్తిడి కలిగించే నైలాన్ పోగును అరికాలికి తాకించి, స్పర్శ తెలుస్తున్నదా లేదా అని వైద్యుడు చెప్పగలడు. రెండు నిమిషాల పని. స్పర్శ లేనివారు, పాదంలో రక్తప్రసరణ తగ్గినవారు, మానని పుండు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండ బయలుదేరరాదు.

వట్టికాళ్ళతో నడుస్తామని మ్రొక్కుకొన్నవారు కూడ ఉంటారు. చైత్రమాసపు ఎండలో తారురోడ్డు ఎంత కాలుతుందో వేరే చెప్పాలా? స్పర్శలేని పాదానికి ఆ దారిలో తగిలిన చిన్న కాలుడు నెలల తరబడి మానని పుండై, చివరకు వ్రేలినో పాదాన్నో తీసివేయవలసిన స్థితికి చేరవచ్చును. ఇంటిలోని పెద్దల వద్ద ఈ మాట గౌరవంగా, కాని స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత పిల్లలది. భక్తుడు కాళ్ళు పోగొట్టుకోవాలని ఏ తల్లీ కోరదు.

కొనేటప్పుడు, నడిచేటప్పుడు

పాదరక్షను సాయంకాలం కొనండి. అప్పటికి పాదం కొంత వాచి ఉంటుంది. దారిలో తొడగబోయే మేజోళ్ళతోనే, నిలబడి చూడండి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండటం అరుదు. పెద్దదానికి సరిపడేదే తీసుకొనండి. అన్నిటికంటె పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి ఆ పొడవైన వ్రేలు రెండవది. మన దుకాణాలలో వాడుకలో ఉన్న బ్రిటిష్ కొలతలో ఒక నంబరుకు, తరువాతి నంబరుకు భేదం అంగుళంలో మూడవ వంతు, అనగా సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఒక తయారీదారు 8వ నంబరు వేరొకరి 8వ నంబరుతో సరిపోకపోవచ్చును. కనుక నంబరును నమ్మక కాలిని నమ్మండి.

క్రొత్త జోడుతో యాత్రకు బయలుదేరడం కంటె పొరపాటు లేదు. కనీసం నెల దినాలు ముందుగా కొని, మొదట ఇంటిలోను, తరువాత వీధిలోను తొడిగి, వారానికి కొంత చొప్పున దూరం పెంచండి. భిలాయిలో సెక్టార్ల నడుమ ఉన్న వెడల్పైన రోడ్లు ఈ అభ్యాసానికి చక్కగా తగినవి. వరుసగా రెండు దినాలు పదిహేనేసి కిలోమీటర్లు నడిచి, మూడవ దినం కాలు ఎక్కడ ఎర్రబడినదో చూచుకొంటే, ఆ జోడు గుణం తెలిసిపోతుంది.

బొబ్బకు తల్లిదండ్రులు చెమట, ఒరిపిడి. నూలు మేజోళ్ళు చెమటను పీల్చి తడిగానే ఉంటాయి. తడిని వెలికి పంపే ఉన్ని లేక కృత్రిమ నారల మిశ్రమం మేలు. మూడు జతలు ఉంచుకొని, ఆగినప్పుడల్లా మార్చండి. చర్మం వేడెక్కినట్లు తోచిన క్షణాననే ఆగి టేపు అంటించండి. సుదీర్ఘమైన పరుగు పందేలలో పాల్గొన్నవారిపై జరిపి 2016లో ప్రచురించిన పరిశీలనలో, ముందుగానే అంటించిన మామూలు కాగితపు సర్జికల్ టేపు బొబ్బలను గణనీయంగా తగ్గించినట్లు తేలింది. మందుల దుకాణంలో దొరికే చవకైన వస్తువు ఇది. స్పర్శలేనివారు గంటకొకసారి బూటు విప్పి, లోపల చేయిపెట్టి తడిమి, అరికాలిని అద్దంలో చూచుకోవాలి. తోటివారు చూచినా సరే.

డోంగర్‌గఢ్ చేరిన పిమ్మట వెయ్యికి పైగా మెట్లు ఉన్నవి. అక్కడ పాదరక్షలు విడువవలసినదే. దిగేటప్పుడు మోకాళ్ళపై, వ్రేళ్ళపై భారం ఎక్కువ. రాయి చల్లబడిన వేళను, అనగా తెల్లవారుజామును ఎన్నుకొనండి. మందపాటి మేజోళ్ళు తొడగండి. కొండ ఎక్కలేనివారికి క్రిందనే చిన్న బమ్లేశ్వరి ఆలయం ఉన్నది. డోంగర్‌గఢ్ హౌరా–ముంబయి రైలుమార్గంపై ఉన్న స్టేషను కనుక, దారిలో కాలు మొరాయించినవారు రాజనందగావ్‌లోనే రైలెక్కి మిగిలిన దూరం పోవచ్చును. అది ఓటమి కాదు. వచ్చే నవరాత్రులకు కూడ నడువవలసిన పాదాలివే గదా!