ఒక్కరి పద్యము, అందరి నాట్యము

జనవరి 25వ తేదీ సమీపించగానే స్కాట్లండు పల్లెలలోని గ్రామ మందిరములకు కళ వచ్చును. 1759లో ఆ తేదీననే ఎయిర్‌షైరు ప్రాంతమునందలి అలోవే గ్రామమున రాబర్ట్ బర్న్స్ కవి జన్మించెను. ఆయన పేర జరుగు విందు ఆ శీతదేశమున చలికాలపు పండుగ. పల్లెలలో దానిని నడపునది తరచుగా ఊరి సంఘమే. బల్లలు సర్దువారు, వంట చేయువారు, టిక్కెట్లు అమ్మువారు అందరును ఊరివారే. ఖర్చులు పోను మిగిలిన సొమ్ము మందిరపు మరమ్మతులకో, మరియొక ఉమ్మడి పనికో వినియోగమగును.

ఈ ఆచారము 1801లో మొదలైనది. కవి మరణించి ఐదేండ్లు నిండిన సందర్భమున తొమ్మిదిమంది ఆయన పుట్టిన ఇంటనే కూడి, భోజనము చేసి, ఆయనను స్మరించిరి. నాటి భోజనములోని హాగిస్ నేటికిని ఈ విందునకు ప్రధానమైన వంటకము. గొఱ్ఱె గుండె, కాలేయము, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్లు, ఉల్లి, కొవ్వు, మిరియాలు కలిపి, పొట్టసంచిలో కూరి ఉడికింతురు. ఏమియు వృథా కానీయని పేదయింటి నేర్పు అందు కలదు. బర్న్స్ 1786లో ఆ వంటకమునే సంబోధించి, స్కాట్స్ భాషలో పద్యము వ్రాసెను. విందునాడు బాగ్‌పైపు వాద్యము ముందు నడువగా హాగిస్‌ను సభలోనికి తెత్తురు. ఒకరు లేచి ఆ పద్యము చదువుచు, నడుమ కత్తితో దానిని చీల్చుదురు.

పిదప బల్లలు గోడ వైపునకు జరిపి ‘కేలీ’ ఆరంభింతురు. గేలిక్ భాషలో ఆ మాటకు పొరుగింటికి పోవుట అని అర్థము. ‘డాషింగ్ వైట్ సార్జెంట్’ అను నృత్యములో ముగ్గురికి ముగ్గురు ఎదురుగా నిలిచి ఆడి, వరుస ముగియగానే ముందునకు సాగి, వేరొక ముగ్గురిని కలిసికొందురు. నిన్న ఊరికి వచ్చిన కుటుంబము నాలుగు వరుసలు తిరుగునప్పటికి సగము ఊరితో చేయి కలుపును.

ఇచట ఒక భేదము గమనింపదగినది. నాట్యము అందరును ఆడుదురు. పద్యము ఒక్కరే చదువుదురు. అందలి పలు మాటలు వినువారిలో పెక్కుమందికి వివరించి చెప్పవలసియుండును. ఒకే జాతి సొత్తైన రెండింటి గతి ఇట్లు వేరగుటకు ముఖ్యకారణము బడిలో కానవచ్చును.

పల్లె నృత్యములు క్షీణించుచున్న కాలమున, 1923లో, వానిని రక్షించుటకు గ్లాస్గో నగరమున ఒక సంఘము వెలసినది. దానిని స్థాపించిన ఇరువురిలో ఒకరైన జీన్ మిలిగన్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వ్యాయామ విద్య బోధించిన విదుషి. ఇట్టి నృత్యములు వ్యాయామ పాఠములలో భాగమై, తరతరముల పిల్లల పాదములకు అలవడినవి. స్కాట్స్ భాషకు అదే బడిలో అన్యాయము జరిగినది. ఇంటి మాట పలికిన పిల్లవానిది చెడిన ఇంగ్లీషని ఉపాధ్యాయులు దిద్దిరి. బర్న్స్ దినమున ఆ భాషలో పద్యము చెప్పించి బహుమతి ఇచ్చిన బడియే, మరునాడు ఆ మాటలనే తప్పుపట్టినది. 2011 జనాభా లెక్కలలో స్కాట్స్ మాటాడగలమన్నవారు పదిహేను లక్షలమంది. ఇంట వాడుదుమని చెప్పినవారు 56 వేలకు మించలేదు.

2025లో స్కాట్లండు పార్లమెంటు గేలిక్, స్కాట్స్ భాషలకు అధికార హోదా కల్పించుచు చట్టము చేసినది. అది హర్షింపదగినదే. కాని హోదా పత్రము మీది గౌరవము. వాడుక నాలుక మీది ప్రాణము. పిల్లవాడు ఇంటినుండి తెచ్చిన మాటను తరగతిలో నిర్భయముగా పలుకగలిగిననాడే చట్టము ఫలించును. లేనిచో భాష ఏటికొకసారి వాద్యములతో ఊరేగి, ఆ రాత్రియే ముగిసిపోవు విందువలె మిగులును. నృత్యమును నిలిపిన ఉపాయము ఆ దేశమునకు తెలియనిది కాదు. దానిని భాషకు వర్తింపజేయుటయే మిగిలియున్నది.